కాగితం లోడు, తీగ లోడు

మా మేస్త్రీ దగ్గర పట్టీ తెగిపోయిన హెచ్‌ఎంటీ గడియారం ఒకటి ఉండేది. చొక్కా జేబులో వేసుకునేవారు. ఏ ఇంటికి పోయినా ముందు మెయిను బోర్డు కింద నిలబడి, తలెత్తి మీటరు అద్దంలోకి చూస్తూ, ఆ గడియారం నా చేతికిచ్చేవారు. "చక్రమ్మీద గీత కనబడతా ఉందా? అది ఇట్టా దాటంగానే మొదలుబెట్టు. మళ్లీ వచ్చేసరికి ఎన్ని సెకన్లయిందో చెప్పు." 1974 సంగతి. నాకు పదహారేళ్లు. పదో తరగతి లెక్కల్లో తప్పి, ఆయన వెనకాల నిచ్చెన మోసే పనికి కుదిరాను. లెక్కలు తప్పించుకుందామని వస్తే ఇక్కడా లెక్కలే.

యూనిట్టుకు ఎన్ని చుట్లో మీటరు ముఖం మీదే రాసుంటుంది. నాయుడుపేటలో అప్పట్లో మా చేతికి ఎక్కువగా తగిలినవి 600 చుట్ల మీటర్లు. కిలోవాటు లోడు గంటసేపు నడిస్తే ఒక యూనిట్టు. అంటే 3600 సెకన్లలో 600 చుట్లు, చుట్టుకు ఆరు సెకన్లు. మేస్త్రీ ఇంత విడమరిచి చెప్పలేదు. "ఆరు సెకన్లకొచ్చిందంటే వెయ్యి వాట్లు. పన్నెండంటే అయిదొందలు. నిమిషం పట్టిందంటే వంద. మధ్యలోవి నువ్వే చూసుకో" అన్నారంతే. నలభై క్యాండిలు బల్బు ఒక్కటే వెలుగుతుంటే ఆ గీత మళ్లీ ముందుకు రావడానికి రెండున్నర నిమిషాలు పట్టేది. అంతసేపు గడియారం పట్టుకుని నిలబడితే మెడ పట్టేసేది. ఎవరన్నా ఇస్త్రీ పెట్టె పెట్టారంటే ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఎనిమిది సెకన్లకే చుట్టు.

తర్వాత ఇంట్లో అన్నీ ఆర్పించి ఇంకోసారి చూసేవారు. ఏదీ వెలగకపోయినా చక్రం మెల్లగా కదులుతోందంటే ఎక్కడో గోడలోకి కరెంటు కారుతున్నట్టే. వానాకాలం మట్టి మిద్దెల్లో ఇది మామూలే. ఇంటివాళ్లకు మాత్రం భయం వేసేది. "ఏమీ వాడకపోయినా తిరగతా ఉందే, దయ్యమా ఏంది?" అని ఒక ముసలమ్మ అడిగింది. మేస్త్రీ నవ్వకుండా "దయ్యమే అవ్వా, వంటింటి గోడలో ఉంది" అని చెప్పి, ఆ గోడ మీద బ్యాటెన్ పీకి కొత్త తీగ లాగారు.

ఆ చక్రానికి మూలపురుషుడు బుడాపెస్టులోని గాంజ్ కంపెనీ ఇంజనీరు ఒట్టో బ్లాతీ అని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. 1889లో చేశాడు. ఒక పల్చని అల్యూమినియం బిళ్ల, దానికి అటూ ఇటూ రెండు చుట్టలు. ఒకదాంట్లో ఇంటి వోల్టేజి, ఇంకోదాంట్లో ఇల్లు లాక్కునే కరెంటు. రెండూ కలిసి ముట్టుకోకుండానే బిళ్లను తోస్తాయి. ఎంత లాగితే అంత వేగం. మా మేస్త్రీకి ఈ పేర్లేవీ తెలియవు. తెలిసిందల్లా, ఇల్లు ఎంత తింటోందో ఇంటివాళ్ల నోటితో విని నమ్మకూడదని.

ఎందుకు నమ్మకూడదో చెప్పాలంటే కాగితం సంగతి చెప్పాలి. ఇంటికి వైరింగు అయ్యాక లైసెన్సున్న కాంట్రాక్టరు కంప్లీషన్ రిపోర్టు రాసి సంతకం పెట్టి కరెంటాఫీసులో ఇవ్వాలి. అందులో లోడు రాయడానికి లెక్క ఒకటుంది. బల్బు పాయింటుకు 60 వాట్లు, ఫ్యానుకు 60, ట్యూబులైటుకు 40, అయిదు ఆంపియర్ల ప్లగ్గుకు 100, పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకు 1000. లైట్లూ ఫ్యాన్లూ ఉండే ఒక్కో సర్క్యూటుకు పది పాయింట్లు మించకూడదు, 800 వాట్లు దాటకూడదు. ఆ పద్ధతిలో నేను మొదట్లో రాసిన ఇళ్లన్నీ నాకు ఇంకా కళ్లకు కట్టినట్టున్నాయి. బల్బులు నాలుగు, ఫ్యాను ఒకటి, రేడియో ప్లగ్గు ఒకటి. మొత్తం 400 వాట్లు. ఆ ఇల్లు నిజంగా అంతే వాడేది కూడా. ఎప్పుడన్నా అల్లుడొచ్చినప్పుడు ఫ్యాను తిరిగేది, మిగతా రోజుల్లో అదీ లేదు. కాగితంలో ఎంతుందో తీగలోనూ అంతే ఉన్న రోజులు నేను చూశాను అని చెప్పుకోడానికి ఆ నాలుగైదేళ్లే మిగిలాయి.

నేను పనిలో చేరేనాటికి రాష్ట్ర విద్యుత్ బోర్డు వయసు పదిహేనేళ్లు. 1959 ఏప్రిల్ 1న పుట్టింది. అంతకు కొన్నేళ్ల ముందు దాకా మన నెల్లూరు జిల్లా మద్రాసు రాజధానిలోది. అప్పటి మద్రాసు ప్రభుత్వం కట్టిన పైకారా, మెట్టూరు జలవిద్యుత్తు కథలు పాత లైన్‌మెన్లు చెప్పేవాళ్లు. మనవంటూ చెప్పుకోడానికి నెల్లూరులో 30 మెగావాట్ల థర్మల్ స్టేషనుండేది. దాని గురించి మేస్త్రీ ఎంత గొప్పగా చెప్పేవారో! ఈ రోజు లెక్కన చూస్తే రెండేసి కిలోవాట్ల గీజర్లు పదిహేను వేలు ఒక్కసారి ఆన్ చేస్తే ఆ స్టేషను అయిపోతుంది. ఇప్పుడు మనకు కూతవేటులో కృష్ణపట్నం దగ్గర నేలటూరులో ఒక్కో యూనిట్టే 800 మెగావాట్లు, అలాంటివి మూడు. అయినా మే నెలలో చాలడం లేదంటారు.

ఆ రోజుల్లో కాగితానికీ తీగకూ మధ్య తగువు తీర్చే పెద్దమనిషి ఫ్యూజు. తెల్లటి పింగాణీ కిట్‌క్యాటు ఫ్యూజులు, ఇనుప పెట్టె మెయిను స్విచ్చి, చెక్క బోర్డు. అంగట్లో ఫ్యూజు తీగ అట్టముక్కకు చుట్టి అమ్మేవాళ్లు. 35 గేజి తీగ అయిదు ఆంపియర్లకు, 29 గేజి పదికి, 25 గేజి పదిహేనుకు. గేజి అంకె తగ్గితే తీగ లావు. ఈ తిరకాసు అర్థం కాక మొదటి వారంలో నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. ఫ్యూజు పోయిందంటే మేస్త్రీ వెంటనే కొత్త తీగ వేసేవారు కాదు. పింగాణీ పీకి వెలుతురులో తిప్పి చూసేవారు. లోపల మసి కొట్టుకుని, తీగ ఆవిరైపోయి, సన్న పూసలు చిమ్మి ఉంటే షార్టు. మసి లేకుండా తీగ మధ్యలో నెమ్మదిగా కరిగి జారి ఉంటే ఓవర్‌లోడు. శవాన్ని చూసి చావు చెప్పే వైద్యుడి లాంటి పని. ఓవర్‌లోడయితే ఇంటాయన వైపు తిరిగి "కొత్తగా ఏం కొన్నారు?" అని అడిగేవారు. ఏమీ లేదనేవాళ్లు. మేస్త్రీ వంటింట్లోకి తొంగిచూసేవారు.

జనం దగ్గర మాత్రం ఫ్యూజుకు మర్యాద లేదు. మాటిమాటికీ పోతోందని తీగను రెండు పేటలు చేసేవాళ్లు, నాలుగు పేటలు చేసేవాళ్లు. సైకిలు బ్రేకు తీగ ముక్క పెట్టిన ఇల్లు చూశాను. సిగరెట్టు పెట్టెలో వెండి కాగితం చుట్టిన ఇల్లు చూశాను. ఒక హోటల్లో మేకు కనబడింది, మూడంగుళాల మేకు. "ఇది ఇంక ఈ జన్మలో పోదు మేస్త్రీ" అని ఆ హోటలాయన గర్వంగా చెప్పాడు. నిజమే, అది పోలేదు. గోడలో తీగ పోయింది.

ఇళ్లలోకి సామాను ఎలా వచ్చిందో ఒక్కొక్కటీ గుర్తే. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. నాయుడుపేట మద్రాసుకు వంద కిలోమీటర్ల పైమాటే. అయినా మిద్దెల మీద ఇనుప గొట్టాలు లేపి, పైన యాంటెన్నా కట్టి, తమిళ ముచ్చట్లు అర్థమైనా కాకపోయినా చూసేవాళ్లు. ఆ గొట్టాలు నిలబెట్టడం మా పనే. టీవీ పెద్దగా కరెంటు తినదు కానీ లోడు కనిపెట్టడానికి మంచి మీటరుగా పనికొచ్చింది. పక్కింట్లో నీళ్ల మోటరు వేస్తే ఈ ఇంట్లో బొమ్మ నాలుగువైపులా కుంచించుకుపోయేది. వోల్టేజి 170కి పడిందని చెప్పడానికి ఇంక వేరే సాక్ష్యం ఎందుకు? తర్వాత కోయంబత్తూరు గ్రైండర్లు రైళ్లలో దిగాయి. మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, నీళ్లలో ముంచే రాడ్లు. రాడ్డు ఒక్కటే వెయ్యి, పదిహేనొందల వాట్లు. రేడియో కోసం పెట్టిన అయిదు ఆంపియర్ల ప్లగ్గులో రాడ్డు పిన్ను దోపేవాళ్లు. కాగితంలో ఆ ప్లగ్గు విలువ 100.

అప్పటినుంచి కాగితం ఒక దారి, తీగ ఒక దారి.

పట్టకారు మీటరు నా చేతికి వచ్చింది 1981లో. మేమంతా టాంగ్ టెస్టర్ అంటాం. కొత్తది కొనే స్తోమతు లేదు. మద్రాసు సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్టులో దొరకని పాత సరుకు లేదని అందరూ అంటుంటే పొద్దున రైలెక్కి పోయాను. నాలుగేళ్ల తర్వాత, 1985లో, ఆ మార్కెట్టు తగలబడిపోయింది. నేను పోయిన రోజు పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, గడియారాలు, వాటి మధ్య ఒక సాయిబు దగ్గర నల్లటి బేకలైటు ఒంటితో, ఇనుప దవడలతో, పైన ముల్లుతో ఇది కనబడింది. నూట డెబ్బై రూపాయలకు బేరం తెగింది. ఇంటికి తెస్తే మా ఆవిడ దానికి మొసలి అని పేరు పెట్టింది. ఇప్పటికీ మా ఇంట్లో ఏ మీటరయినా మొసలే.

దాని గొప్పతనం ఏమిటంటే తీగ కొయ్యనక్కర్లేదు, కరెంటు ఆపనక్కర్లేదు. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత వలయం ఒకటి ఏర్పడుతుంది. దవడలు తెరిచి తీగను నోట కరిపిస్తే చాలు, ఆ వలయాన్ని పట్టి ముల్లు ఆంపియర్లు చూపిస్తుంది. అంతకు ముందు ఆమ్మీటరు పెట్టాలంటే సర్క్యూటు విప్పి, మధ్యలో మీటరు దూర్చి, మళ్లీ బిగించాలి. ఇంటివాళ్లు అంతసేపు కరెంటు ఆపనిచ్చేవాళ్లు కాదు.

మొదటి రోజే పరువు పోయింది. బజారులో ఒక బట్టల అంగడికి పోయి, అందరూ చూస్తుండగా సర్వీసు తీగను మొసలి నోట్లో పెట్టాను. నాలుగు ఫ్యాన్లు, పది ట్యూబులైట్లు. ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు. తట్టాను. తిప్పాను. సున్నా. అంగడి ఆయన "మా ఇంట్లో కరెంటు ఊరికే వస్తా ఉందా ఏందబ్బయ్యా?" అన్నాడు. మూర్ మార్కెట్టులో మోసపోయానని ఏడుపొక్కటే తక్కువ. సాయంత్రం మేస్త్రీకి చెబితే ఆయనకూ ఇది కొత్తే. అటూ ఇటూ తిప్పి చూశారు. కాసేపు గమ్మునుండి, "రెండు తీగలూ కలిపి పెట్టినావా?" అన్నారు. అవును, జంట తీగ. ఫేజులో పోయినంతా న్యూట్రల్లో తిరిగి వస్తుంది, ఒకటి కుడికి తోస్తే ఇంకోటి ఎడమకు తోస్తుంది, దవడల మధ్య రెండూ కొట్టుకుపోయి సున్నా. పుస్తకం చదవని మనిషి అలా ఎలా పట్టుకున్నారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మర్నాడు మీటరు దగ్గర తీగలు విడిపోయే చోట ఒక్క ఫేజునే పట్టిస్తే ఆరు ఆంపియర్లు చూపించింది.

ఆ సున్నాయే తర్వాత నాకు అన్నం పెట్టింది. రెండు తీగలూ కలిపి పట్టినప్పుడు సున్నా రావాలి కదా, రాకపోతే? పోయినంత తిరిగి రాలేదన్నమాట, మిగిలింది భూమిలోకి కారుతోందన్నమాట. మేస్త్రీ చక్రం చూసి పట్టిన దయ్యాన్నే నేను మొసలితో పట్టాను, కాకపోతే నా పాత మొసలికి చిన్న అంకెలు ఆనేవి కావు. దానికి ఇంకో కిటుకు. తీగకు వదులుంటే దవడ చుట్టూ అయిదు చుట్లు తిప్పితే ముల్లు అయిదింతలు చూపిస్తుంది, దాన్ని అయిదుతో భాగించుకోవడమే.

ఇళ్ల సంగతి చెబుతూ పొలాల్లోకి పోవడం దారి తప్పడమే కానీ, కాగితం అబద్ధం అసలు రూపం నేను చూసింది పొలాల్లోనే. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం వచ్చాక వ్యవసాయ మోటర్లకు మీటరు లేదు, హార్సుపవరుకు ఏడాదికి యాభై రూపాయలు కడితే చాలు. రైతుకు అంతకంటే మేలు ఏముంది? కానీ హార్సుపవరు ఎవరు కొలుస్తారు? మోటరు మీద రేకు చూసి రాసుకుంటారు. రేకు మూడు అంటుంది. మోటరు ఒళ్లు చూస్తే అయిదు. స్వర్ణముఖి ఒడ్డున ఒక పొలంలో మోటరు వేడెక్కుతోందని పిలిచారు. మూడు హార్సుపవరు మోటరు ఫేజుకు అయిదు ఆంపియర్లు లాగితే ఎక్కువ. మొసలి ఏడున్నర చూపించింది. "అన్నా, ఇది అయిదుది" అన్నాను. రైతు ఇటూ అటూ చూసి, "నీకు తెలిసింది నాకూ తెలుసు. గట్టిగా అరవబాక" అన్నాడు.

ఆయన ఒక్కడిదే అయితే ఏమీ కాదు. ఆ ట్రాన్స్‌ఫారం కింద ఇరవై మోటర్లు. కాగితంలో అరవై హార్సుపవరు, 45 కిలోవాట్లు. 63 కేవీఏ ట్రాన్స్‌ఫారం సుఖంగా మోస్తుంది. తీగలో వంద హార్సుపవరు, 75 కిలోవాట్లు. రాత్రి పది గంటలకు త్రీఫేజు ఇవ్వగానే అందరూ ఒక్కసారి స్టార్టరు నొక్కితే నూనె మరిగి, కాయిలు మాడి, ట్రాన్స్‌ఫారం ఢామ్మని పోయేది. ఊళ్లో తలాకాస్తా చందా వేసుకుని, దాన్ని దించి, బండి మీద రిపేరుకు తోలేవాళ్లు. పైరు ఎండేది. ఆ బండి వెనకాల నడుస్తూ తిట్టుకునేవాళ్లలో ఎవరి రేకులో ఏముందో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

ఇళ్లలో ఫ్యూజు పోయి ఎంసీబీ రావడం మా ఊళ్లో తొంభైల్లో. జర్మనీలో మన్‌హైమ్ ఊళ్లో హ్యూగో స్టాట్జ్ కంపెనీ 1924లోనే దానికి పేటెంటు తీసుకుంది. మాకు చేరేసరికి డెబ్బై ఏళ్లయింది. తీగ కరగడం, గేజి చూసుకోవడం, చీకట్లో అగ్గిపుల్ల వెలిగించుకుని ఫ్యూజు కట్టడం, అన్నీ పోయాయి. పడిన మీటను పైకి లేపితే సరి. ఆడవాళ్లకూ పిల్లలకూ హాయి. కానీ మాకు కొత్త తగువు వచ్చింది. ఫ్యూజయితే పేటలు పెంచుకునేవాళ్లు, ఎంసీబీ అయితే "అన్నా, పదహారు పడిపోతా ఉంది, ముప్పై రెండు వెయ్యి" అంటారు. ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడటానికి కాదయ్యా, గోడలో ఉన్న తీగను కాపాడటానికి అని చెబితే వినేవాళ్లు పదిమందిలో ఇద్దరు.

నేనూ వినలేదు ఒకసారి. 1996లో అనుకుంటా. ఒక పెద్దాయన ఇంట్లో, పదహారు మాటిమాటికీ పడిపోతోందని, ఎండాకాలం, మనవరాలి పెళ్లి, ఇంటినిండా చుట్టాలు. "ఈ వారం రోజులకబ్బా" అని బతిమాలితే ముప్పై రెండు వేసి వచ్చాను. గోడలో ఉన్నది ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగ. వారం తర్వాత మార్చాలన్న సంగతి మర్చిపోయాను. ఆయనా మర్చిపోయాడు. రెండేళ్లకు సున్నం కింద ఒక చార గోధుమరంగుకు తిరిగింది. పగలగొట్టి చూస్తే గొట్టంలో తీగ తొడుగు బొగ్గయి, ముట్టుకుంటే రాలిపోయింది. ఇల్లు అంటుకోలేదంటే ఆయన పుణ్యమే, నా పనితనం కాదు. ఎంసీబీ మాత్రం ఏ తప్పూ చేయలేదు. దాని మీద రాసిన అంకెకు 1.13 రెట్లు లాగినా గంటసేపు పడకూడదు, 1.45 రెట్లయితే గంటలోపు పడిపోవాలి. ముప్పై రెండుదయితే ముప్పై ఆరు ఆంపియర్ల దాకా గంటసేపు నోరు మూసుకునే ఉంటుంది. అది చెప్పిన మాట వింటుంది, చెప్పింది నేను.

రాష్ట్ర విద్యుత్ బోర్డును 1999లో విడగొట్టారు. 2000 ఏప్రిల్‌లో కరెంటు పంపిణీ చేసే డిస్కములు వచ్చాయి, మాది తిరుపతి కేంద్రంగా ఎస్పీడీసీఎల్. మా జిల్లా నెల్లూరు నుంచి తిరుపతికి మారింది 2022 ఏప్రిల్ 4న. కరెంటు మాత్రం ఇరవై రెండేళ్ల ముందే తిరుపతికి పోయింది. ఆ 2000 సంవత్సరమే చార్జీలు పెరిగి, దాని మీద జరిగిన ఆందోళనలో ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది నన్ను పిలిచిన ఇళ్లన్నీ ఒకటే మాట: "మీటరు స్పీడుగా తిరగతా ఉంది, చూడు." చక్రం సెకన్లు ఒక చేత్తో, మొసలి ఇంకో చేత్తో పట్టుకుని రెండూ సరిపోల్చి చూపించేవాణ్ణి. మీటరు తప్పు దొరికిన ఇళ్లు తక్కువ. పాత ఫ్రిజ్జు రబ్బరు పోయి రాత్రింబవళ్లు ఆగకుండా తిరిగే ఇళ్లు ఎక్కువ. ఆ తర్వాత చక్రాలే పోయాయి. ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చి ఎర్రలైటు మిణుకుమంటోంది, యూనిట్టుకు 3200 మిణుకులు. మేస్త్రీ వాటిని చూడలేదు. అప్పటికి రెండేళ్ల ముందే పోయారు. ఆయన హెచ్‌ఎంటీని వాళ్లబ్బాయి నాకిచ్చాడు.

ఇప్పుడు ఎంసీబీలుండే డీబీ బాక్సులో లోడు కొలిచే పని చూస్తే మేస్త్రీ నవ్వేవారేమో. పగలు పిలుస్తారు. పగలు కొలిస్తే ఏం లాభం? మే నెలలో రాత్రి తొమ్మిదిన్నరకు రావాలి. ఏసీలు, ఫ్రిజ్జు, టీవీ, ఇండక్షన్ స్టవ్వు, ఈ మధ్య వరండాలో చార్జింగుకు పెట్టిన కరెంటు బండి, అన్నీ ఒకేసారి నడిచే గడియ అది. ముందు వోల్టేజి చూస్తాను. తర్వాత బాక్సు మూత విప్పి, వచ్చే ఫేజును పట్టి మొత్తం, ఆ తర్వాత ఎంసీబీ ఎంసీబీకి ఒక్కో తీగ. న్యూట్రల్ పట్టీ స్క్రూలు వదులయితే అక్కడ రంగు మారి ఉంటుంది, చెయ్యి దగ్గరికి పెడితే సెగ తెలుస్తుంది. త్రీఫేజు ఇల్లయితే మూడు ఫేజులూ విడివిడిగా. చాలా ఇళ్లలో ఏసీలన్నీ ఒకే ఫేజు మీద, మిగతా రెండూ ఖాళీగా ఈగలు తోలుకుంటూ ఉంటాయి. అలాంటి ఇంట్లో న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన చోట 400 దాకా పోయి టీవీలు మాడిపోతాయి. ఇది ఒక వీధి మొత్తానికి జరగడం నేను చూశాను.

ఇంకో చిక్కు. పాత ఏసీ అయితే కంప్రెసరు పడితే ఎనిమిది, ఆగితే ఒకటి, స్పష్టంగా ఉండేది. ఇప్పుడొచ్చే ఇన్వర్టరు ఏసీ మనం చూస్తుండగానే ఆరు, నాలుగు, రెండున్నర అంటూ గది చల్లబడే కొద్దీ దిగిపోతుంది. పైగా ఎల్‌ఈడీ బల్బులూ ఈ ఏసీలూ కరెంటును నున్నగా లాక్కోవు, ముక్కలు ముక్కలుగా కొరుకుతాయి. అరవై రూపాయల బల్బును కొలవడానికి చవక మీటరు పనికిరాదు, తప్పు చూపిస్తుంది. ట్రూ ఆర్‌ఎంఎస్ అని రాసున్నది కొనమని పిల్లలకు చెబుతుంటాను. అంత మంచి మీటరుతోనూ ఆంపియర్లను వోల్టులతో గుణిస్తే సరిగ్గా వాట్లు రావు, పవర్ ఫ్యాక్టరు ఉంటుంది కదా. అప్పుడు నేను చేసేదేమిటంటే మీటరు కిందికి పోయి ఎర్రలైటు మిణుకులు లెక్కబెడతాను. 3200 మిణుకుల మీటరులో కిలోవాటుకు నిమిషానికి యాభై మూడు. జేబులో హెచ్‌ఎంటీ ఉంటుంది.

2025లో, ఇళ్లవాళ్లు తమ అదనపు లోడు తామే వచ్చి రాయించుకుంటే అభివృద్ధి చార్జీలో సగం మినహాయిస్తామని డిస్కములు ప్రకటించాయి. 2021 నుంచే లోడు ఎంత రాసుంటే కిలోవాటుకు నెలకు పది రూపాయల చొప్పున ఫిక్స్‌డ్ చార్జి పడుతోంది, కాబట్టి కాగితంలో అంకెకు ఇప్పుడు వెల ఉంది. ఇంక నాకు ఫోన్లు. ఏప్రిల్‌లో శ్రీకాళహస్తి రోడ్డు వైపు ఒక ఇంటికి పోయాను. 1988లో ఆ ఇంటికి వైరింగు చేసింది నేనే, కంప్లీషన్ రిపోర్టులో లోడు రాసిందీ నేనే. బిల్లు మీద ఇంకా ఆ అంకే ఉంది, ఒక కిలోవాటు. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం, అమ్మానాన్నలకు ఉక్కపోయకూడదని ఏసీ మీద ఏసీ పంపించాడు. రాత్రి తొమ్మిదింపావు. వోల్టేజి 221. మొసలిని వచ్చే ఫేజుకు పట్టించి, కళ్లజోడు సవరించుకుని చూశాను. ఇరవై మూడు పాయింట్ నాలుగు.

"ఎంతబ్బా?" అన్నాడాయన మంచంలోంచే.

"అయిదు కిలోవాట్లు అన్నా."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచొచ్చి, గొంతు తగ్గించి, "మూడు రాస్తే చాలదా? ఆ మూల రూములో ఏసీ పిల్లోళ్లు వచ్చినప్పుడే కదా వేసేది" అన్నాడు. మూల రూములో ఏసీ చప్పుడు ఇక్కడికి వినబడుతూనే ఉంది. కాగితం బల్ల మీద ఉంది. పెన్ను మూత తీశాను. ఇంతలో వెనక పెరట్లో పైట్యాంకుకు ఎవరో మోటరు వేసినట్టున్నారు, మొసలి నోటి కింద అంకె ఒక్కసారి ఎగిరి నలభై దాటి, మెల్లగా దిగి, ఇరవై తొమ్మిది దగ్గర నిలబడింది.